లాకు గోడమీది కొలబద్ద: పర్యావరణ రక్షణమున బహిరంగ సమాచారము

కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగినవారికి, కాలువ లాకుల గోడమీద అడుగులును అంగుళములును గుర్తింపబడి, సగము నీటిలోను సగము ఎండలోను నిలిచియుండు కొలబద్ద చిన్ననాటి నేస్తమే. చదువు రాని రైతు సైతము దానిని చూచి, నిన్న ఏ గీత తడిసినదో నేడేది తడిసినదో గుర్తించి, తన శివారు చేనికి నీరెక్కునో ఎక్కదో చెప్పగలిగెడివాడు. నీరు తగ్గినచో లస్కరును నిలదీసెడివాడు. లస్కరు పైవాని పేరు చెప్పినచో ఆ పైవాని కచ్చేరికి నడచెడివాడు. ఆ రాతిబద్దలో మూడు గుణములు కలసియుండెను. అది ఉన్నదున్నట్లు కొలిచెడిది. దారిన పోవువారందరికి కనబడెడిది. దాని అంకెకు బదులు చెప్పవలసిన మనిషి ఒకడు ఆ యూరనే తిరుగుచుండెడివాడు. ఉపగ్రహములును, సెన్సారులును, వెబ్‌సైట్లును, డ్రోనులును చేతికి వచ్చిన ఈ కాలమున నేలను, నీటిని, గాలిని కాపాడుటకు ప్రజల సొత్తయిన సమాచారము ఎంతవరకు అక్కరకు వచ్చినది, ఎచ్చట చేతులెత్తినది అను ప్రశ్నమును, ఈ డెల్టాలోని పామర్రు చుట్టుపట్ల కనబడు నిదర్శనములను ముందుంచుకొని, ఆ మూడు గుణముల త్రాసులో తూచి చూచుట ఈ వ్యాసోద్దేశము.

ఈ నేలకు కొలత క్రొత్త గాదు. 1832-33 నాటి గుంటూరు కరవు మిగిల్చిన భయము వెనుక నుండగా, కాటను దొర ప్రోద్బలమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున, 1852 మొదలు 1855 వరకు బెజవాడకడ ఆనకట్ట నిర్మింపబడెను. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసెను. అడుగును అంగుళమును లెక్కించి వాలు చూచి కాలువలు త్రవ్వినందుననే సముద్రము దాక సాగిన ఈ బల్లపరుపు నేల వరిమాగాణి యయ్యెను. కాని ఆనాటి కొలత యంతయు శిస్తు కొరకే. కరణము అడంగలులో సర్వే నంబరున్నది, పంట యున్నది, నీటితీరువ యున్నది; కిక్కిస గడ్డి లేదు, గూడకొంగ లేదు, ఉప్పుటేటి యొడ్డున నీడనిచ్చు మడచెట్టు లేదు. దేనిమీద పన్ను పడదో అది 'పోరంబోకు' అను ఒక్క మాటలో మునిగిపోయినది. లెక్కలోనికి ఎక్కని వస్తువు పోయినను అడుగువాడుండడు గనుక, ప్రకృతికి మనము చేసిన మొదటి అపచారము, దానిని నరకుటకు మునుపే, ఆ చిట్టాలలో జరిగినదని చెప్పవచ్చును.

ప్రకృతి స్థితిని కొలువుమని శాసనములు చెప్పుట మన దేశమున అర్ధశతాబ్ది నాటి మాట. నీటి కాలుష్య నివారణ శాసనము 1974లోను, గాలికి సంబంధించినది 1981లోను వచ్చినవి. 1984 డిసెంబరున భోపాలు నగరమున విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకొనిన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ శాసనము చేయబడెను. ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగియున్నది. ఆ భోపాలు దుర్ఘటననే తలచుకొని, అదే 1986లో, అమెరికా దేశము మరియొక శాసనము చేసికొనెను: కర్మాగారము తాను గాలిలోనికి, నీటిలోనికి, నేలలోనికి ఏ విషద్రవ్యమును ఎంత విడుచుచున్నదో ఏటేట ప్రకటింపవలెననియు, ఆ జాబితాను ఇరుగుపొరుగువారెవరైనను చూడవచ్చుననియు దాని సారము. చచ్చినవారు మనవారు, తెలిసికొను హక్కు మొదట దక్కినది వారికి. మనకు ఆ హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టముతో గాని సంపూర్ణముగా చేతికి రాలేదు. అడుగకమునుపే ప్రభుత్వ కార్యాలయములు తమ సమాచారమును వెల్లడింపవలెనని ఆ చట్టము నాలుగవ విభాగము శాసించుచున్నది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అధిక కాలుష్యకారకములైన 17 తరగతుల పరిశ్రమలను ఎడతెగక కొలిచి పంపు పరికరములను అమర్చుకొనుడని ఆదేశించెను. 2015లో ఎనిమిది కాలుష్య ద్రవ్యములను కలిపి ఒక్క అంకెగా, ఆరు రంగులుగా చూపు గాలి నాణ్యతా సూచిక ఆరంభమయ్యెను. శాసనముల వరుస చూచినచో కొఱత కనబడదు. కొఱత యెచ్చటనున్నదో నేలమీదికి దిగి చూడవలెను.

పామర్రు నుండి గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు పోవు రహదారిని పట్టి సాగినచో, వరిచేలు క్రమముగా పలుచబడి, గట్లు లేచి, చేపల చెరువులు ఒకదాని ప్రక్క నొకటి అద్దపు బిళ్లలవలె పరచుకొనిన దేశము కానవచ్చును. అదియే కొల్లేటి సీమ. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి తెచ్చి పోయు నీటిని పట్టి నిలిపి, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు మెల్లగా విడుచు ఆ సరస్సు విస్తీర్ణమెంత అని అడిగినవానికి ఒక్క జవాబు దొరకదు. రామ్‌సార్ ఒప్పందము క్రింద 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది 901 చదరపు కిలోమీటర్లు. 1999లో అయిదవ కాంటూరు వరకు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది 308 చదరపు కిలోమీటర్లు. పరిశోధకులు సరస్సుగా గణించినది 245 చదరపు కిలోమీటర్లు. కాంటూరనగా సముద్రమట్టమునకు ఇన్నడుగుల యెత్తని నేలమీద గీసిన ఊహారేఖయే కదా. అయినను వాలు మిక్కిలి స్వల్పమైన ఈ నేలలో ఒక్క యడుగు తేడా వేలకొలది ఎకరముల తేడా యగును. కనుకనే కొల్లేటి లంకలలో 'అయిదవ కాంటూరు', 'మూడవ కాంటూరు' అను మాటలు ఇంజనీర్ల నోటనే కాక అరుగుమీది ముసలివారి నోటను, ఎన్నికల సభలలోను వినబడుచుండును.

ఆ నేలమీద జరిగినదేమో ఆకాశమునుండి చూచినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళ శాస్త్రజ్ఞులు కె. నాగేశ్వరరావుగారును వారి సహచరులును. భారతీయ దూరసంవేదన ఉపగ్రహము 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రమును శోధించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో ఇంచుమించు 42 శాతము చేపల చెరువుల క్రిందికి పోయినదనియు, మరి ఎనిమిదిన్నర శాతము సేద్యము ఆక్రమించినదనియు, చెరువుల సంఖ్య 1,050 అనియు, తేటనీరు కనబడు జాగా ఆ చిత్రమున లేనే లేదనియు వారు తేల్చిరి. 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో కొల్లేరు మాయమగుచున్నదని ప్రకటించిరి. అంతవరకు సరస్సులో ఆక్రమణ లేదని వాదింప వీలుండెను. ఒక్కొక్క చెరువును లెక్కించి చూపిన పిమ్మట ఆ వాదమునకు కాళ్లు లేకపోయినవి. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఆదేశముల మేరకు 'ఆపరేషన్ కొల్లేరు' పేర అభయారణ్యములోని చెరువుల గట్లు తెగగొట్టబడెను.

కథ అంతటితో ముగిసియుండినచో ఈ వ్యాసము వ్రాయ నవసరముండెడిది కాదు. 2008లో అభయారణ్యపు హద్దును మూడవ కాంటూరునకు కుదింపవలెనని శాసనసభ తీర్మానించెను. కేంద్రము నియమించిన అజీజ్ సంఘము అయిదవ కాంటూరునే నిలుపుమని చెప్పెను. ఈలోగా తెగిన గట్లు కొన్ని మరల లేచినవి. ఇంకను విచిత్రమేమనగా, గట్లు మరల లేచినవని సాక్ష్యమిచ్చినవియు ఉపగ్రహ చిత్రములే. ఇరువది యేండ్లుగా ఆకాశము చూచుచునే యున్నది, పరిశోధకులు వ్రాయుచునే యున్నారు, అయినను గట్టు లేచుచునే యున్నది. అనగా కొలబద్దకు ఉండవలసిన గుణములలో మొదటి రెండును సమకూడినను మూడవది, బదులు చెప్పవలసినవాడు, లేకపోయెనన్నమాట. ఏ చెరువు ఏ సర్వే నంబరులో నున్నదో ఉపగ్రహము చూపగలదు. ఆ చెరువు కౌలు ఎవరికి ముట్టుచున్నదో చూపజాలదు. లంకలోని పేదవాని పేర పట్టా, పట్టణములోని పెట్టుబడిదారుని చేతిలో ఆదాయము: ఈ ముడి విప్పుటకు వలయునది చిత్రము గాదు, కౌలు కాగితము. గట్టు తెగినప్పుడు ముందుగా నష్టపోయినది వేటయే జీవనముగా బ్రతుకు వడ్డెలని, కోలుకొనినది పెట్టుబడి గలవాడని ఆ ప్రాంతమున చెప్పుకొనుమాట అసూయతో పుట్టినది కాదు. కొలత న్యాయముగా ఉండవలెనన్నచో బలహీనుని ఆక్రమణను ఎంత స్పష్టముగా చూపునో బలవంతుని లాభమును అంత స్పష్టముగా చూపవలెను.

అయినను పటము చేసిన మేలును తక్కువ చేయరాదు. ఇస్రోకు చెందిన అహ్మదాబాదు అంతరిక్ష ప్రయోగ కేంద్రము తయారుచేసిన చిత్తడినేలల అట్లాసును ఆధారము చేసికొని, 2017 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము, రెండుంబావు హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడినేలలను నియమముల ప్రకారము కాపాడవలెనని ఆదేశించెను. తరువాతి అట్లాసులో ఆ సంఖ్య 2,31,195కు పెరుగగా, వానిని నేలమీద స్వయముగా చూచి హద్దులు ధ్రువపరచుడని 2024 డిసెంబరులో రాష్ట్రములకు చెప్పెను. పేరైనను లేని ఊరి చెరువునకు ఒక సంఖ్య లభించి, ఆ సంఖ్యతో న్యాయస్థానపు గుమ్మమెక్కు అర్హత లభించుట సామాన్యము గాదు. పోరంబోకు అను మాటలో మునిగినది చిట్టాలోనికి ఎక్కినది. ఇక ఆకాశపు లెక్కను కాలినడకన సరిచూచుట యొకటి మిగిలియున్నది. అది గ్రామ సర్వేయరు పని, గ్రామస్థుల పని.

కొల్లేటిలో మనిషి చేయి కంటికి కనబడును. సముద్రపు అంచున కనబడదు. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రము ముందునకు వచ్చుచున్నదని జాలరులు చిరకాలముగా చెప్పుచుండిరి. అదే నాగేశ్వరరావుగారి బృందము 1965 నుండి 2008 వరకు 43 ఏండ్ల పటములను, ఉపగ్రహ చిత్రములను పోల్చి, రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల కడలిపాలైనదని తేల్చెను. కారణమును వెదకుచు నదుల ఒండ్రు లెక్కలను తిరుగవేయగా, 1966-69లో ఏటికి 90 లక్షల టన్నులుండిన కృష్ణమ్మ ఒండ్రు 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయినట్లు కనబడెను. డెల్టా యనగా నది తెచ్చి పోసిన మట్టియే గనుక, ఆ మట్టి ఎగువ జలాశయముల అడుగున నిలిచిపోయినచో సముద్రము తన వాటాను వెనుకకు తీసికొనును. ఏనాడో ఒక ఉద్యోగి నీటిని సీసాలో పట్టి, వడగట్టి, తూచి, పుస్తకమున వ్రాసియుంచిన నిరాడంబరమైన అంకె, నలుబది యేండ్ల పిదప ఒక దేశపు భవిష్యత్తును చెప్పునని ఆ వ్రాసినవాడు ఊహించియుండడు. ఈ నష్టమునకు ఒక్క దోషి లేడు. ప్రతి ఆనకట్ట వలనను ఎవరో ఒకరు లాభము పొందియున్నారు. ఇట్టి విషయమున సమాచారము చేయగలది దండన గాదు, ముందుచూపు: ఏ ఊరు ఎన్నేండ్లకు ఉప్పునీటి పాలగునో చెప్పి, మడ యెచ్చట పెంపవలెనో, ఇల్లెచ్చట కట్టరాదో సూచించుట.

ముందుచూపు ఫలించిన నిదర్శనము ఈ తీరముననే కలదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మృతిచెందిరి. 1990 మే 9న ఇంచుమించు అంతటి తుపానే కృష్ణ ముఖద్వారము సమీపమున తీరము దాటినను మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. నడుమ జరిగినదేమి? ఉపగ్రహము మేఘమును చూచెను. ఆ వార్త సకాలమున జిల్లా యంత్రాంగమునకు చేరెను. లక్షన్నరకు పైబడిన జనము తీరమునుండి తరలింపబడెను. ఈ యుదాహరణమున మూడు గుణములును సమకూడినవని గమనింపుడు. తుపాను వచ్చుచున్నదని తెలిసి ఊరిని ఖాళీ చేయింపని అధికారి మరునాడు జవాబు చెప్పుకొనవలెను; మురుగు కాలువలో చేపలు చచ్చి తేలినవని తెలిసి ఊరకుండిన అధికారిని అడుగువాడు లేడు. యంత్రము రెండుచోట్లను ఒకటే, బాధ్యత వేరు.

2024 సెప్టెంబరు నాటి బుడమేటి వరద ఈ భేదమును బెజవాడ నడివీధిలో చూపెను. ఆ దినములలో ప్రకాశం బ్యారేజికడ నీటి ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షలను మించెను. ఆ అంకెలు గడియగడియకు ఊరూర ఫోనులలో తిరిగినవి. కాని ఆ పట్టణములోని సింగునగరును ముంచినది కృష్ణ గాదు, గట్టు తెగిన బుడమేరు. నీరు వాకిట నిలుచువరకు తమకు తెలియలేదని బాధితులు పలువురు చెప్పిరి. మహానదికి లెక్కయు, లెక్కకు కావలివాడును కలరు. పట్టణపు పొట్టలో దూరి, ఇండ్ల నడుమ నలిగి, ఎక్కడ మొదలై ఎక్కడికి పోవునో సగము జనము మరచిన వాగునకు ఆ భాగ్యము లేదు. ఆ బుడమేరే తిన్నగా పోయి కొల్లేటిలో కలియవలసియుండగా, కొల్లేటిలో గట్లు, దారిలో కట్టడములు అడ్డుపడినచో నీరు మధ్యలోనే తన చోటు వెదకికొనును. కొల్లేటి కాంటూరును సింగునగరువాసి తనకు పట్టని విషయమని తలచరాదని ఆ వరద బోధించెను.

గాలి సంగతి క్లుప్తముగా చెప్పుదును. 2019లో జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము గుర్తించిన నగరములలో విజయవాడయు ఒకటి. అతిసూక్ష్మ ధూళికి మన దేశపు వార్షిక పరిమితి ఘనపు మీటరునకు 40 మైక్రోగ్రాములు; 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 5. కావున ఫోనులో పచ్చరంగు కనబడినంతమాత్రమున గాలి నిర్మలమని కాదు, మనము ఒప్పుకొనిన హద్దులో నున్నదని మాత్రమే అర్థము. నగరపు నాలుగు కూడళ్లలోని యంత్రములు పామర్రు పొలముల సంగతి చెప్పవు. కోతయంత్రములు వచ్చిన పిదప వరిగడ్డిని చేలోనే తగులబెట్టు అలవాటు డెల్టాలోను పొడచూపినది. ఆ మంటలను నాసా ఉపగ్రహములు గుర్తించి మూడు గంటలలోపుననే లోకమునకెల్ల ఉచితముగా చూపుచున్నవి. అమెరికాలోని విద్యార్థి చూడగల మంటను మన మండల కార్యాలయము చూడజాలదా? చూడగలదు, చూచి ఏమి చేయవలెనో ఎవరును చెప్పలేదు. గడ్డి కట్టలు కట్టు యంత్రమునకు అద్దె ఇచ్చుకొనలేని రైతుకు జరిమానా కాగితము పంపుటకు మాత్రమే ఆ చిత్రము పనికివచ్చినచో అది అతనికి శత్రువే యగును.

అన్యదేశముల, అన్యరాష్ట్రముల అనుభవము ఈ నిర్ణయమునే బలపరచుచున్నది. గుజరాతులో కర్మాగారముల కాలుష్యమును తనిఖీ చేయువారిని కర్మాగారములే ఎన్నుకొని కర్మాగారములే సొమ్మిచ్చుచుండగా, వారి నివేదికలలో అంకెలన్నియు వింతగా పరిమితికి లోబడియే యుండెడివి. తనిఖీదారును చీటి వేసి నియమించి, జీతమును ఉమ్మడి నిధినుండి ఇచ్చి, కొన్ని తనిఖీలను మరల సరిచూచినంతనే నివేదికలు నిజము పలికినవి. కర్మాగారములు కాలుష్యమును తగ్గించినవి. పరికరము మారలేదు, జీతమిచ్చు చేయి మారినది. అదే రాష్ట్రమున సూరతులో 2019నుండి ఎడతెగని కొలతను ఆధారము చేసికొని ధూళి విడుదలకు అంగడి నొకదానిని ఏర్పరచగా, ఆ విడుదల 20 నుండి 30 శాతము వరకు తగ్గినదని పరిశోధకులు కనుగొనిరి. బ్రెజిలు దేశము ఉపగ్రహ చిత్రములతో అమెజాను అడవి నరకుటను వెంటవెంటనే కనిపెట్టి అధికారులను పంపుట 2004లో ఆరంభింపగా, ఆ యేట సుమారు 27,800 చదరపు కిలోమీటర్లుగా నుండిన నష్టము 2012 నాటికి 4,600కు దిగెను. 2019లో అవే చిత్రములు ప్రభుత్వమునకు రుచింపకపోగా వానిని వెలువరించు సంస్థ అధ్యక్షుడే పదవి కోల్పోయెను. కొలిచినవానికి అండ లేనిచోట కొలత నిలువదనుటకు ఇంతకు మించిన దృష్టాంతము లేదు.

మన రాష్ట్రమునుండియే మరియొక మాట చెప్పవలసియున్నది. 2003 ప్రాంతమున ఆరంభమై అనంతపురము, కర్నూలు, ప్రకాశము మొదలుగా ఏడు కరవు జిల్లాలలో సాగిన రైతు భూగర్భజల నిర్వహణ పథకమున, రైతులే, స్త్రీలతో సహా, తమ బావులలో నీటిమట్టమును, తమ ఊరి వానను కొలిచి, గోడమీద వ్రాసి, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి ఉన్న నీటికి తగిన పంటను ఆలోచించుకొనిరి. ఏ చట్టమును వారిని నిర్బంధింపలేదు. తాను కొలిచిన అంకెను మనిషి నమ్మును. నమ్మిన అంకెకు తలవంచును. మెట్టసీమలో సాధ్యమైనది నీరు పుష్కలమనిపించు డెల్టాలో ఏల సాధ్యము కారాదు?

ఇన్ని నిదర్శనములను సమీక్షించిన పిమ్మట సిద్ధించు అభిప్రాయము విస్తారమైనది గాదు. మనకు యంత్రముల కరవు తీరినది. హైదరాబాదులోని దూరసంవేదన కేంద్రపు 'భువన్' పటములు 2009నుండియు, రాష్ట్ర జలవనరుల సమాచారము అంతకు తరువాతను, కోరినవారికి అందుబాటులో నున్నవి. కాని వాని భాష మిక్కుటముగా ఆంగ్లము, వాని కొలమానము ఇంజనీరుది, వాని చివర ఫలానా లోపమునకు ఫలానావారు ఇన్ని దినములలో బదులు చెప్పుదురను ఒక్క వాక్యము లేదు. పామర్రు వంటి మండలమున చేయదగిన పని స్వల్పము: ప్రతి మురుగు కాలువ వంతెనకడ ఒక కొలబద్ద నాటి, నీటిమట్టమును, నీటి ఉప్పదనమును వారమున కొకసారి బడిపిల్లలచేత తెలుగున బోర్డుమీద వ్రాయించి, ఆ బోర్డు క్రింద డ్రెయినేజి శాఖ ఉద్యోగి హోదాయు ఫోను నంబరును చేర్చుట, గ్రామసభలో ఏటికి రెండుమార్లు ఆ అంకెలను చదివించుట, ఉపగ్రహ చిత్రమున క్రొత్త గట్టు కనబడినచో దాని సర్వే నంబరును, కౌలుదారు పేరును పంచాయతి నోటీసు బల్లకు ఎక్కించుట. ఇందులో ఇస్రో చేయవలసినది ఏమియు లేదు. అది తన పని ఎన్నడో చేసినది.

ఇప్పటికిని కొన్ని పాత లాకుల గోడలమీద ఆ గీతలు మిగిలియున్నవి. సున్నము రాలి, నాచు పట్టి, అంకెలు సగము చెరిగినవి. గుర్రపుడెక్క వచ్చి క్రింది అడుగులను కప్పివేసినది. దానిని ప్రక్కకు నెట్టి, గోడను కడిగి, అంకెలకు మరల రంగు వేయుట ఒక పూట పని. వేసిన మరునాడు ఎవరైనను వచ్చి, నీరు ఇంత తగ్గినదేమని అడిగినప్పుడు, కట్టమీద నిలిచి జవాబు చెప్పువానిని కుదుర్చుకొనుటయే కష్టము.